ముందు పనిముట్టు, తరువాత ప్లగ్గు

విజయదశమినాడు కువైట్‌లోని తెలుగు కుటుంబాలు కారును శుభ్రంగా కడిగి, బానెట్ మీద స్వస్తిక గీసి, పసుపు కుంకుమలు అద్ది, చక్రాల క్రింద నిమ్మకాయలుంచి నాలుగడుగులు ముందుకు నడిపించడం మనమందరం ఎరిగిన ముచ్చటే. సాల్మియాలో గాని, అబ్బాసియాలో గాని, మంగాఫ్‌లో గాని ఆ ఉదయం భవనం కాపలా చూసే హారిస్ వింతగా చూస్తూ, మనమిచ్చిన మిఠాయి పుచ్చుకుంటూ ప్రక్కనే నిలబడతాడు. ఆ వేడుకకు మనం పెట్టుకున్న పేరు ఆయుధపూజ. అయితే కుంకుమ పెట్టిన ఆ చేతులు ఏడాదిలో తక్కిన రోజులలో ఒక్కనాడైనా ఆ బానెట్‌ను పైకెత్తి లోపలికి తొంగిచూస్తున్నాయా అంటే, లేదనే చెప్పవలసి ఉంటుంది. మన పూజలో వాహనమున్నది గాని ఆయుధం లేదు. ఆయుధమంటే పనిముట్టు. ఈ వ్యాసం ఆ పనిముట్టును గురించి, దానితో చేయదగిన ఒక చిన్న పనిని గురించి.

ఆ పని స్పార్క్ ప్లగ్గులు మార్చడం. దీనిని ఇంటివద్ద సొంతంగా చేసుకోవచ్చునా, చేసుకోదగినదేనా అన్న ప్రశ్న మన మధ్య తరచుగా వస్తూనే ఉన్నది. నాలుగు సిలిండర్ల సాధారణమైన పెట్రోలు కారున్న ప్రతి కుటుంబమూ ఈ పనిని చేసుకోగలదనీ, చేసుకోవాలనీ నా అభిప్రాయం. అయితే ఒక నియమం. ప్లగ్గులు కొనడానికి ముందు పనిముట్లు కొనాలి. కొనలేనివారు అరువు తెచ్చుకోవాలి. ఆ రెండూ కుదరనివారు ఈ పనికి పూనుకోకపోవడమే మేలు. ఇందులో ఇంజను చెడేది తెలియనితనం వలన కంటె తగని పనిముట్టు వలననే ఎక్కువ.

ఈ మాట అనగానే వయసు మళ్ళిన పాఠకులు కొందరు చిరునవ్వు నవ్వుతారు. 1970, 80 దశకాలలో మన ఊళ్ళలో స్కూటరున్న ప్రతి గుమాస్తాకూ, ప్రతి మాస్టారుకూ ప్లగ్గు విప్పడం వచ్చును. పెట్రోలులో నూనె కలిపి పోసే ఆ టూ స్ట్రోక్ బండ్లకు ప్లగ్గు మసిబారడం నిత్యకృత్యం. గొట్టంవంటి ప్లగ్గు స్పానరు తీయడం, మైకో ప్లగ్గును ఊడదీసి గరుకుకాగితంతో గీకడం, నోటితో ఊది తిరిగి బిగించి కిక్కు కొట్టడం అంతా కలిపి ఐదు నిమిషాల పని. (మైకో అన్నది 1951లో నెలకొన్న మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీకి పొట్టిపేరు. 2008లో ఆ సంస్థ పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. మన పల్లెటూళ్ళలో మాత్రం ప్లగ్గంటే చాలాకాలం మైకోయే.) ఆ విద్య నేటి కారుకు సగమే పనికివస్తుంది. స్కూటరులో ప్లగ్గు కంటికి కనబడుతూ చేతికి అందుతుంది. నేటి కారులో అది జానెడు లోతైన బావి అడుగున దాగి ఉంటుంది. అక్కడ మన కళ్ళు పనిచేయవు, వేళ్ళు చేరవు. మనకూ దానికీ మధ్య ఉన్నది పనిముట్టు ఒక్కటే. పైగా నేటి ప్లగ్గును గరుకుకాగితంతో గీకడం దానిని చంపడమే.

ప్లగ్గు చేసే పనిని పిల్లలకు కూడా అర్థమయ్యేటట్లు ఇక్కడ కొంచెం చెప్పుకుందాం. 1860లో పారిస్‌లో ఎతియేన్ లెన్వార్ నిర్మించిన గ్యాసు ఇంజనులోనే విద్యుత్ స్ఫులింగంతో ఇంధనాన్ని మండించే పద్ధతి ఉన్నది. 1902లో జర్మనీలో రాబర్ట్ బాష్ కర్మాగారపు ఇంజనీరు గాట్లోబ్ హోనోల్డ్ అధికవోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును రూపొందించిన తరువాత అది మోటారు వాహనాలకు నమ్మకమైన సాధనమయింది. నూట ఇరవై ఏళ్ళు దాటినా మూలసూత్రం మారలేదు. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను ఇగ్నిషన్ కాయిల్ ఇరవై, ముప్ఫై వేల వోల్టులకు పెంచుతుంది. ప్లగ్గు నడుమనున్న ఎలక్ట్రోడుకూ ప్రక్కనుండి వంగివచ్చిన ఎలక్ట్రోడుకూ మధ్య సుమారు ఒక మిల్లీమీటరు ఎడముంటుంది. ఆ ఎడమును దాటి విద్యుత్తు దుమికినప్పుడు పుట్టే నిప్పురవ్వ పెట్రోలు, గాలి మిశ్రమాన్ని అంటిస్తుంది. తెల్లని పింగాణీ తొడుగు నిజానికి అల్యూమినియం ఆక్సైడుతో చేసినది. ఆ వోల్టేజి ప్రక్కదారి పట్టకుండా అది కాపలా కాస్తుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో రెండు భ్రమణాలకు ఒకసారి ప్లగ్గు రవ్వ వేస్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, నిమిషానికి 2000 భ్రమణాలతో కారు పోతున్నదనుకుందాం. అంటే కిలోమీటరుకు ఒక నిమిషం, నిమిషానికి 1000 రవ్వలు. లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి ఒక్కొక్క ప్లగ్గు పదికోట్ల రవ్వలు వేసి ఉంటుంది. ప్రతి రవ్వతోనూ ఎలక్ట్రోడు నుండి కంటికి కానరానంత లోహం ఎగిరిపోతుంది. కనుకనే ఎడము నానాటికీ పెరుగుతుంది. ఎడము పెరిగినకొద్దీ, వాయుపీడనం పెరిగినకొద్దీ రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలన్న సంగతిని 1889లోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ పాషెన్ ప్రయోగపూర్వకంగా చూపించాడు. అరిగిన ప్లగ్గు మామూలు నడకలో బాగానే ఉండి, ఫహాహీల్ రహదారిమీద ఏసీ పూర్తిగా తిరుగుతూ ఉండగా ఒక్కసారి యాక్సిలరేటరు తొక్కినప్పుడు మాత్రమే తడబడడానికి కారణమిదే. సిలిండరులో పీడనం పెరిగినప్పుడు కాయిల్ అడిగినంత వోల్టేజి ఇవ్వలేకపోతుంది. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి, అక్కడి కెటలిటిక్ కన్వర్టరులో మండి, దాని లోపలి తేనెపట్టువంటి పింగాణీని కరిగించగలదు. ప్లగ్గును నిర్లక్ష్యం చేసినందుకు కట్టవలసిన అసలు మూల్యం అది. నాలుగు ప్లగ్గుల ధర దాని ముందు లెక్కలోనిది కాదు.

ఈ అరుగుదలను తట్టుకోవడానికే లోహాలు మారుతూ వచ్చాయి. నికెల్ 1455 డిగ్రీల సెల్సియస్ వద్ద, ప్లాటినం 1768 వద్ద, ఇరిడియం 2446 వద్ద కరుగుతాయి. నికెల్ ప్లగ్గు ముప్ఫై వేల కిలోమీటర్ల ప్రాంతంలో మార్పు కోరితే, నాణ్యమైన ఇరిడియం ప్లగ్గు లక్ష వరకు పనిచేయడం సామాన్యం. మీ కారుకు కంపెనీ ఇరిడియం అమర్చి ఉంటే దాని స్థానంలో నికెల్ పెట్టి మిగుల్చుకునేది మిగులు కాదు, వాయిదా.

ఇక కువైట్‌కు ప్రత్యేకమైన ఒక అపోహను ప్రస్తావించక తప్పదు. ఈ దేశంలో ఎండలు విపరీతం గనుక పుస్తకంలో చెప్పినదానికంటె చల్లటి ప్లగ్గు వేయాలని సలహా ఇచ్చేవారున్నారు. ఎండల మాట నిజమే. 2016 జూలై 21న మిత్రిబా కేంద్రంలో నమోదయిన 53.9 డిగ్రీలను ప్రపంచ వాతావరణ సంస్థ 2019లో ధ్రువీకరించింది. ఆసియా ఖండంలో అంతటి ఉష్ణోగ్రత మరెక్కడా ధ్రువపడలేదు. అయితే ప్లగ్గు ముక్కు పనిచేసే వేడి ఎంత? 500 నుండి 850 డిగ్రీల వరకు. 500కు బాగా దిగువన ఉంటే మసి తనంతట తాను కాలిపోదు. 850 దాటిపోతే రవ్వతో నిమిత్తం లేకుండా ఎర్రగా కాలిన ముక్కే మిశ్రమాన్ని ముందుగా అంటించి పిస్టన్‌కు చేటు తెస్తుంది. ఇంతటి వ్యవహారంలో బయటి గాలిలోని ఇరవై ముప్ఫై డిగ్రీల తేడా స్వల్పం. గల్ఫ్ దేశాలకోసం కారును తయారుచేసినవాడు ఆ తేడాను లెక్కలో వేసుకునే ప్లగ్గు సంఖ్యను వ్రాశాడు. అనవసరంగా చల్లటి ప్లగ్గు వేస్తే, ఇంటినుండి బడికి, బడినుండి జమియ్యాకు తిరిగే చిన్న చిన్న ప్రయాణాలలో అది మసిబారుతుంది.

ఇందులో మరొక చిక్కున్నది. ప్లగ్గులలో వేడి, చల్లన అన్న మాటలు అవి వేడిని ఎంత త్వరగా సిలిండర్ హెడ్‌కు అప్పగిస్తాయన్నదాన్నిబట్టి వచ్చాయి. పింగాణీ ముక్కు పొడవైతే వేడి నిలుస్తుంది, పొట్టిదైతే త్వరగా దిగిపోతుంది. జపాన్ సంస్థలైన ఎన్.జి.కె., డెన్సో ప్లగ్గులలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది. బాష్, చాంపియన్ ప్లగ్గులలో అంకె పెరిగితే వేడిది. ఒక కంపెనీ అంకెను మరొక కంపెనీ డబ్బామీద వెదికేవాడు తూర్పుకని బయలుదేరి పడమరకు చేరతాడు. కంపెనీ మారదలచుకుంటే వారి పట్టికలో మీ కారు పేరు, సంవత్సరం, ఇంజను చూసి తీసుకోవడమే మార్గం. అంకెలను మనసులో అనువదించకూడదు.

ఎండ విషయంలో భయం ఎక్కువైనట్లే, ఇసుక విషయంలో భయం తక్కువగా ఉన్నది. ఇక్కడివారు తోజ్ అని పిలిచే ధూళిగాలి ఒక్కటి వీచిపోయిన తరువాత మన కిటికీ గట్లమీద ఎంత దుమ్ము పేరుకుంటుందో గృహిణులకు తెలుసు. ఆ దుమ్మే ప్లగ్గు బావిలోనూ చేరుతుంది. ప్లగ్గు విప్పగానే ఆ దుమ్మంతా తిన్నగా సిలిండరులోకి జారుతుంది. అందులోని క్వార్ట్‌జ్ రేణువులు కాఠిన్యపు కొలతలో 7 వద్ద ఉంటాయి. గాజును గీసే పదార్థం సిలిండరు గోడను వదులుతుందా? కనుక కాయిల్‌ను బయటకు తీసిన తరువాత, ప్లగ్గు విప్పక మునుపు, ఆ బావిని గాలితో ఊది శుభ్రపరచాలి. సైకిలు పంపు గొట్టానికి సన్నని ప్లాస్టిక్ నాళం తగిలిస్తే చాలు. కళ్ళకు అద్దాలు తప్పనిసరి. పనిముట్ల జాబితాలో ఈ పంపును ఎవరూ వ్రాయరు. కువైట్‌లో మాత్రం నేను దానిని మొదట వ్రాస్తాను.

తరువాతది సాకెట్. ఇది ప్లగ్గుకోసమే చేసిన లోతైన సాకెట్ అయి ఉండాలి, లోపల రబ్బరు గాని అయస్కాంతం గాని ఉండాలి. లేకుంటే విప్పిన ప్లగ్గు బావిలోనే కూర్చుంటుంది, క్రొత్త ప్లగ్గు దించేటప్పుడు చేతిలోనుండి జారి ఎడము నొక్కుకుపోతుంది. కొలత విషయంలో ఊహాగానం పనికిరాదు. చాలా జపాన్ కార్లకు 16 మిల్లీమీటర్ల సాకెట్ సరిపోతుంది. పాత కార్లు కొన్నింటికి 21 దగ్గర కావాలి. ఇటీవలి నిస్సాన్, బి.ఎం.డబ్ల్యు. ఇంజనులలో కొన్నింటికి పలుచని గోడల, పన్నెండు పలకల 14 మిల్లీమీటర్ల సాకెట్ తప్ప మరేదీ దిగదు. సాకెట్‌కు తోడుగా 3/8 అంగుళం రాట్చెట్, ఒక పొడవు, ఒక పొట్టి ఎక్స్‌టెన్షన్ రాడ్లు ఉంటే మంచిది. అడ్డదిడ్డమైన కోణాలలో తిరిగే కీలుజాయింటు కనబడితే చాలామంది సంబరపడతారు గాని, బిగించేటప్పుడు దాని వలన బలం ప్రక్కకు పోయి పింగాణీ చిట్లే అవకాశమున్నది. చిట్లిన పింగాణీ పైకి కనబడదు, రవ్వ మాత్రం ప్రక్కదారి పడుతుంది.

అన్నింటికంటె ముఖ్యమైనది, అందరూ వదిలివేసేది, బిగింపును కొలిచే టార్క్ రెంచి. సిలిండర్ హెడ్ అల్యూమినియం, ప్లగ్గు ఉక్కు. రెండు మరలు పోట్లాడితే ఓడేది ఎప్పుడూ అల్యూమినియమే. వాషరు గల 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు అల్యూమినియం హెడ్‌లో 25 నుండి 30 న్యూటన్ మీటర్లు, 12 మిల్లీమీటర్ల ప్లగ్గుకు 15 నుండి 20, 10 మిల్లీమీటర్ల చిన్న ప్లగ్గుకు 10 నుండి 12 మాత్రమే సాధారణంగా చెప్పే కొలతలు. మీ కారు పుస్తకంలోని అంకె వేరుగా ఉంటే దానికే ప్రాధాన్యం. తక్కువ బిగిస్తే వేడి హెడ్‌కు దిగక ప్లగ్గు కాలిపోతుంది, మంటగాలి మరల మీదుగా బయటకు వస్తుంది. ఎక్కువ బిగిస్తే మరలు తెగిపోతాయి. మా భవనంలోని ఒక మిత్రుని కారుకు ఇటువంటిదే జరిగింది. ఏదో గరాజులో ఎవరో పొడవాటి చేతిపిడితో బిగించిన ప్లగ్గు, మరుసటిసారి విప్పినప్పుడు వెండితీగవంటి అల్యూమినియం చుట్టను వెంటబెట్టుకుని బయటకు వచ్చింది. హెడ్‌కు క్రొత్త మర తొడిగించడానికి ఆయనకు అయిన ఖర్చుతో రెండు మంచి టార్క్ రెంచిలు వచ్చి ఉండేవి.

చేయి తిరిగినవాడికి ఈ కొలత దేనికని అడిగేవారుంటారు. కడప ప్రాంతం నుండి వచ్చి ఇక్కడ ఒక ఇంటి డ్రైవరుగా చాలాకాలంగా పనిచేస్తున్న సోదరుడొకరు నాతో అదే అన్నాడు: "అన్నా, నీ న్యూటన్ లెక్క నాకు తెలియదు గాని, నా చేతికి తెలుసు." సరేనని ముల్లు కనబడే రకం రెంచిని ఆయనకిచ్చి, ముల్లువైపు చూడకుండా తనకు తోచినంత బిగించమన్నాను. ముల్లును నేను చూశాను. మొదటి మూడు ప్లగ్గులు 24కూ 29కీ మధ్యనే ఉన్నాయి. నాకు నిజంగా ఆశ్చర్యం కలిగింది. నాల్గవది, గోడవైపు మూలనున్నది, 36 చూపించింది. అక్కడ ఆయన వంగి, ఒక చేతిమీద బరువు మోపి, రెండవ చేతితో తిప్పవలసి వచ్చింది. చేతికి తెలిసిన విద్య నిలబడిన తీరునుబట్టి మారుతుంది. రెంచికి ఆ బాధ లేదు. ఆయన నవ్వి, ఆ ప్లగ్గును వదులుచేసి, ఈసారి ముల్లును చూస్తూ బిగించాడు. వాషరు నలిగిపోయినందున మరునాడు దానిని మార్చి క్రొత్తది వేశాము.

రెంచి దొరకని అత్యవసరంలో ఒక పాత పద్ధతి ఉన్నది. వాషరు గల క్రొత్త ప్లగ్గును వేళ్ళతో ఆగేవరకు తిప్పి, ఆపైన సాకెట్‌తో అరచుట్టు నుండి మూడింట రెండు వంతుల చుట్టు వరకు తిప్పడం. వాషరు లేని ఏటవాలు ప్లగ్గుకు పదహారవవంతు చుట్టు చాలు. రెండూ ప్లగ్గు డబ్బామీదనే బొమ్మగా వేసి ఉంటాయి. మరలకు గ్రీజువంటి పూతలు పూయడం మంచిదని కొందరి నమ్మకం. లోహపు పూత గల నేటి ప్లగ్గులకు అది వద్దనే తయారీదారులు చెబుతున్నారు. జారుడు పెరిగి, రెంచి సరియైన అంకె చూపిస్తున్నా మర అంతకంటె ఎక్కువగా సాగుతుంది.

పనిచేసే తీరు గురించి ఎక్కువ చెప్పను. అది పుస్తకంలో ఉంటుంది. మూడు మాటలు మాత్రం. ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. రాత్రంతా నిలిపిన కారును తెల్లవారుజామున ముట్టుకోవాలి. వేడిమీద విప్పితే మరలు చెడతాయి, చేతులు కాలుతాయి. కాయిల్ కనెక్టరు ప్లాస్టిక్ ఇక్కడి వేడికి పెళుసుబారి ఉంటుంది గనుక, దాని కొక్కెమును లాగకుండా వేలితో నెమ్మదిగా నొక్కి విడిపించాలి. ఒక ప్లగ్గు తీసి, ఒకటి పెట్టి, ఆ తరువాతనే రెండవదానికి పోవాలి. ఇక క్రొత్త ప్లగ్గును బావిలోకి దించేటప్పుడు రాట్చెట్ జోలికి పోవద్దు. జానెడు రబ్బరు పెట్రోలు గొట్టం ముక్కను ప్లగ్గు తలకు తొడిగి, ఆ గొట్టాన్ని వేళ్ళతో తిప్పండి. మర సరిగా పట్టకుండా అడ్డంగా ఎక్కితే గొట్టమే జారిపోతుంది, హెడ్‌కు హాని జరగదు. ఇంతకంటె చవకయిన పనిముట్టు, ఇంతకంటె విలువైనది నాకు తెలియదు. పన్నెండేళ్ళ అమ్మాయి అయినా, అబ్బాయి అయినా ఈ ఒక్క పనిని తమ చేతులతో చేయగలరు.

విప్పిన ప్లగ్గులను పారవేయకండి. వరుస క్రమంలో ఒక కాగితంమీద పెట్టి చూడండి. వైద్యుడు రోగి నాలుక చూసినట్లు, ఎరిగినవాడు ప్లగ్గు ముక్కును చూసి ఇంజను ఆరోగ్యం చెబుతాడు. లేత గోధుమవన్నెగాని బూడిదవన్నెగాని ఉంటే సుఖం. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువగా పోతున్నది, లేదా గాలి ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయింది. కువైట్‌లో రెండవదాన్నే ముందు అనుమానించాలి. నూనె తడి ఉంటే లోపల సీళ్ళో, రింగులో అరిగినట్లు. ముక్కు సున్నంలా తెల్లబడి పొక్కులెక్కితే అతివేడి. ప్లగ్గు నడుము దగ్గర పింగాణీ మీద కనబడే గోధుమరంగు ఉంగరాన్ని చూసి గాలి కారుతున్నదని కంగారుపడేవారున్నారు. అది అధికవోల్టేజి వలన చుట్టూ ఉన్న నూనె రేణువులు అంటుకుని ఏర్పడిన మరక మాత్రమే.

ఇక ఎవరు ఈ పనికి దూరంగా ఉండాలి? అడ్డంగా అమర్చిన వి-6 ఇంజనులలో చాలావాటికి వెనుక వరుస ప్లగ్గులను చేరాలంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పవలసి ఉంటుంది. ఇక్కడ విరివిగా తిరిగే అమెరికన్ బండ్లలో, 5.7 లీటర్ల హెమి ఇంజనుకు ఎనిమిది సిలిండర్లకు పదహారు ప్లగ్గులు. 2004 తరువాత కొన్నేళ్ళపాటు వచ్చిన ఫోర్డ్ 5.4 లీటర్ల మూడు వాల్వుల ఇంజనులోనైతే రెండు ముక్కలుగా చేసిన ప్లగ్గులు విప్పేటప్పుడు సగం లోపలే విరిగిపోవడం లోకవిదితం. ఇటువంటివాటిని ప్రత్యేకమైన పనిముట్లున్న నిపుణులకే అప్పగించాలి.

కొనుగోలు విషయం. మన వాళ్ళకు షువైక్ పారిశ్రామిక ప్రాంతం తెలియనిది కాదు. సాకెట్లు, రెంచిలు అక్కడ కావలసినన్ని దొరుకుతాయి. శుక్రవారపు సంత, సూక్ అల్ జుమాలో పాతవి ఇంకా చవక. పాత సాకెట్ కొనడానికి నాకు అభ్యంతరం లేదు, ఉక్కు పాతబడినా ఉక్కే. పాత టార్క్ రెంచి మాత్రం వద్దు. అది ఎన్నిసార్లు క్రిందపడిందో, దాని లోపలి స్ప్రింగు ఇంకా నిజం చెబుతున్నదో లేదో మనకు తెలియదు. ప్లగ్గులనైతే ఏజెన్సీలోనో, రసీదు ఇచ్చే నమ్మకమైన దుకాణంలోనో తప్ప కొనవద్దు. నకిలీ ప్లగ్గులు లోకమంతటా ఉన్నాయి. మరీ చవకగా ఇచ్చే ఇరిడియం ప్లగ్గు, అలుక్కుపోయిన అచ్చు, మరల మీదినుండి తేలికగా ఊడివచ్చే వాషరు, ఒకదానికొకటి ఎదురుగా లేని ఎలక్ట్రోడులు అనుమానించదగిన గుర్తులు. (డబ్బాల మీద నిటెర్రా అన్న పేరు చూసి నకిలీ అనుకోకండి. ఎన్.జి.కె. ప్లగ్గులు చేసే సంస్థ 2023లో తన పేరును అట్లా మార్చుకున్నది.)

ఇంతా చేసి మిగిలేదెంత అని ఎవరైనా అడిగితే, పెద్దగా ఏమీ లేదనే ఒప్పుకుంటాను. ఈ దేశంలో కూలి చవక. పెట్రోలు కూడా అంతే. 2016 సెప్టెంబరు 1న ధరలు పెంచినప్పుడు కూడా 91 రకం లీటరు 60 ఫిల్సుల నుండి 85కు, 95 రకం 65 నుండి 105కు మాత్రమే చేరాయి. మొదటిసారి పనిముట్లకయ్యే ఖర్చు, గరాజులో రెండు మూడుసార్లు ఇచ్చే కూలికి సమానం కావచ్చును, మించవచ్చును కూడా. కనుక డబ్బు ఆదా అన్న వాదంతో నేను ఎవరినీ ఒప్పించదలచుకోలేదు. నా కారులో ఏ ప్లగ్గు పడినదో, ఎంత బిగింపుతో పడినదో నాకు తెలిసి ఉండడమే నాకు ముఖ్యం. ఇంకొక కారణం, మన పిల్లలు. ఇక్కడి బడులలో వారు బలాన్ని దూరంతో గుణిస్తే టార్క్ వస్తుందని చదువుతారు, పరీక్షలో వ్రాస్తారు. కాని 25 న్యూటన్ మీటర్లంటే మణికట్టుకు ఎంత అనిపిస్తుందో వారికి తెలియదు. తండ్రికీ తెలియదు. పని చేసే చేయి మనది కాదు, చేయించుకునే నోరే మనది అన్న అలవాటు ఈ దేశంలో మనకు తెలియకుండానే అబ్బింది.

ఆ చేతులున్నవారు మన మధ్యనే ఉన్నారు. కడప జిల్లానుండి, గోదావరి జిల్లాలనుండి వచ్చి ఇక్కడ బండ్లు నడుపుతూ, బాగుచేస్తూ జీవిస్తున్న వేలాది సోదరులు మన సభలకు వస్తారు, వెనుక వరుసలలో కూర్చుంటారు, భోజనాల ఏర్పాట్లలో సాయపడతారు. వేదికమీద శాలువాలు కప్పేది మాత్రం మరొకరికి. వారినుండి నేర్చుకోదగినది ఉన్నదని మనకు తోచదు. అందుకని ఈ సంచిక ద్వారా మన సంఘానికి ఒక ప్రతిపాదన చేస్తున్నాను. సంఘం ధనంతో ఒక పనిముట్ల పెట్టె కొనాలి. మంచి టార్క్ రెంచి ఒకటి, 14, 16, 21 మిల్లీమీటర్ల ప్లగ్గు సాకెట్లు, రాట్చెట్, రెండు ఎక్స్‌టెన్షన్లు, ఎడము చూసే తీగ గేజి, కంటి అద్దాలు, పంపు, రబ్బరు గొట్టం ముక్క. గేజి తీగదై ఉండాలి. నాణెంవంటి గేజిని ఎడములో దూర్చి తిప్పితే సన్నని ఇరిడియం మొన విరుగుతుంది. ఏటా డిసెంబరు, జనవరి నెలలలో వాతావరణం అనుకూలంగా ఉన్నప్పుడు ఒక శుక్రవారం ఉదయం, యజమాని అనుమతి ఉన్న ఏదైనా పార్కింగు ఆవరణలో, ఆ డ్రైవరు సోదరులు గురువులుగా, కుటుంబాలు శిష్యులుగా ఒక తరగతి పెట్టుకోవచ్చును. వచ్చినందుకు వారి ఒక పూట సెలవుకు తగిన గౌరవవేతనం ఇవ్వాలి. ఉచితసేవ అని పేరుపెట్టి సరిపుచ్చకూడదు.

పెట్టె అరువు తీసుకున్నవారు వారంలోగా తిరిగి ఇవ్వాలి. మీట తిప్పి అంకె పెట్టే రకం టార్క్ రెంచి అయితే, పని ముగియగానే దానిని అందులోని కనిష్ఠమైన అంకెకు తిప్పి ఉంచాలి. లేకుంటే స్ప్రింగు అలసిపోయి కొలత తప్పుతుంది. దానితో ప్లగ్గులు విప్పకూడదు, బిగించడానికి మాత్రమే వాడాలి. ఈ రెండు నియమాలను పెట్టె మూతకు లోపలివైపున పెద్ద అక్షరాలతో తెలుగులో వ్రాసి అంటిస్తే బాగుంటుంది. పెట్టె ఎవరి ఇంట ఉండాలన్నది కార్యవర్గం వచ్చే సమావేశంలో నిర్ణయించవచ్చును.